మేకు తిన్న అక్షరం

సైకిలుకి కూడా నుదురుంటుందని
మొదట చూపించింది పాత ఇనుము చెంచురామయ్య.
ఏటుకూరు రోడ్డులో, తక్కెడ పక్కన,
హ్యాండిల్ కింది గొట్టాన్ని బొటనవేలితో తుడిచి
"ఇదుగో, బొట్టు" అన్నాడు.
రంగు పెచ్చులూడిన కొంగ తల ఒకటి
నా వంక ఒంటికంటితో చూసింది.
కిలో లెక్కన అది పావలా చెయ్యదు.
పది రూపాయలిచ్చాను.
ఆ రోజు నుంచి ఆయన ఖాతాలో నేను పిచ్చివాణ్ణి.

మిర్చి యార్డులో కాటా రాసే చేత్తోనే
రాత్రిళ్ళు ఇంకో పుస్తకం రాస్తాను:
ఏ కంపెనీ, చట్రం నంబరెంత,
ఇత్తడా అల్యూమినియమా,
మేకుకీ మేకుకీ ఎంత దూరం.
చింతపండుతో తోమి
సిగరెట్ పెట్టె కాగితం పరిచి పెన్సిల్ రుద్దితే
సింహాలు లేస్తాయి, తుపాకులు,
ఎవరిదో తెరిచిన అరచెయ్యి.
అసన్‌సోల్‌లో పుట్టినవి, ఓడెక్కి వచ్చినవి.
తుమ్ములు మాత్రం అన్నిటికీ ఒకటే,
నా చొక్కాలో ఎప్పుడూ మిరప్పొడి ఉంటుంది.

ఈ ఒక్క బిళ్ళే పదకొండేళ్ళు తేలలేదు.
సంగడిగుంటలో గడ్డిమోపుల కింద దొరికిన చట్రానిది.
కంపెనీ లేదు, ఊరు లేదు.
పొడుచుకుంటూ పోయిన చుక్కల్లో తెలుగు:
మొదట స, చివర జ్యం,
నడుమ మేకు.

స్వరాజ్యం, అన్నాను నేను.
ఖద్దరు రోజుల్లో ఎవడో మనవాడు
పరదేశపు బిళ్ళ పీకి కొట్టుకున్న పేరు.
సామ్రాజ్యం, అన్నాడు తెనాలి దావీదు,
నాకంటే వంద బిళ్ళలు ఎక్కువున్నవాడు.
దొరల బండి పేరుని ఏ డీలరో తెలుగు చేసుకున్నాడు, అంతే.
టీకొట్టు బల్ల మీద
రెండంగుళాల ఇత్తడి కోసం
తెల్లవాళ్ళూ మనవాళ్ళూ మళ్ళీ కొట్టుకున్నారు.
సమోసాలు చల్లారాయి.
రెండు నెలలు మాటల్లేవు.

మొన్న లాలాపేటలో
కుక్కర్ మూతకి రబ్బరు కొనబోతే
సామాన్ల కొట్టు అరుగు మీద
గిన్నెలకి పేర్లు కొట్టే నాగూర్‌మీరా.
టక్ టక్ టక్.
ఆ చుక్కలు.
జేబులో బిళ్ళ చురుక్కుమంది.

కళ్ళజోడు పైకి తోసి, గోటితో అంచు తడిమి,
"కంపెనీ ఏందండీ, ఇది అన్నం కంచం.
కత్తిరించి గొట్టానికి వంచారు.
చుక్కలు మా నాయనవే.
యవత్తుకి తోక ఇంత పొడుగు లాగేది
ఈ బజార్లో ఆయనొక్కడే.
ఆడమనిషి పేరు."
ఏ పేరు?
"సామ్రాజ్యమ్మలూ ఉండేవాళ్ళు, స్వరాజ్యమ్మలూ ఉండేవాళ్ళు.
పొగాకు గ్రేడింగుకి పోయే సందుల్లో
ఇంటికొకరు."

అప్పుడు గుర్తొచ్చింది చట్రం.
సీటు గొట్టం అట్టడుక్కి దించి ఉంది,
అక్కడే తుప్పుతో బిగుసుకుంది.
పొట్టి మనిషి తొక్కిన బండి.
తుప్పనుకున్నాను ఇన్నాళ్ళూ,
పుస్తకంలో 'పనికిరాదు' అని కూడా రాశాను.
చీరకట్టుతో ఆ అడ్డగొట్టం ఎలా దాటేదో,
తెల్లారకుండానే ఎక్కేదో,
తన కంచం తనే కోసి నుదుటికి పెట్టిందో,
ఆమె తినడం మానేశాక
బండి మిగిలినవాడు పెట్టాడో.
నా పెన్సిలు అంతదాకా రుద్దలేదు.

"మేకు పక్కన చోటుంది,
ఏ అక్షరం కొట్టమంటారు?
రెండు రూపాయలివ్వండి చాలు."
ఉలి మొన అప్పటికే ఇత్తడి మీద ఆనింది.
వద్దులే, అని చెయ్యి పట్టుకున్నాను,
కాస్త గట్టిగానే.

దావీదుకి ఫోన్ చేశాను: ఇద్దరం ఓడాం.
కాసేపాగి, సీటు ఎత్తు ఎంతన్నావ్, అన్నాడు.

రబ్బరు కొనకుండానే ఇంటికొచ్చి పుస్తకం తీశాను.
'పనికిరాదు' కొట్టేశాను.
కంపెనీ గడి కొట్టేశాను.
పేరు దగ్గర స రాసి
ఒక మేకు పట్టేంత ఖాళీ వదిలి
జ్యం రాశాను,
తోక పొడుగ్గా లాగి.